ఏ మట్టిలోంచి లేవాలి

నవంబరు రెండు సాయంత్రం కింది పోర్షన్ అక్క గడప మీద వరసగా కొవ్వొత్తులు ముట్టించింది. వాళ్లది కాజీపేట అవతల ఒక ఊరు, తాతల నాటి నుంచీ కథోలికులు. ఊళ్లోనే ఉంటే ఆ వేళకు సమాధుల దగ్గర ఉండేది. ముందే గడ్డి పీకి, సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, ఫాదర్ గారు వచ్చి పవిత్ర జలం చల్లేదాకా అక్కడే కూర్చునేది. నవాగామ్‌లో ఆమెకు సమాధులు లేవు. సాంచాల (మరమగ్గాల) పనికి సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన మాలాంటి తెలుగువాళ్లకు రేషన్ కార్డు ఉంది, కరెంటు మీటరు ఉంది, పిల్లలకు కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడి కూడా ఉంది. పోయినవాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. అందుకే ఆమె పండుగ గడప మీదికి వచ్చింది. పై పోర్షన్ తమ్ముడు నైట్ షిఫ్టుకు టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లు దిగుతూ ఆగాడు. అతను వెళ్లే సహవాసంలో కొవ్వొత్తులు, సమాధుల పండుగలు ఉండవు. "ఎవరి కోసమక్కా?" అన్నాడు. "మా నాయిన, మా అమ్మ, మా పెద్దోడు" అంది. "వాళ్ల లెక్క వాళ్లు పోయిన్నాడే తేలిపాయె గదక్కా. ఇప్పుడు మనం ముట్టిస్తె మారుతదా?" అక్క అగ్గిపుల్ల ఊదేసి, "మారకుంటె మారకపాయె. మనం యాది చేస్తున్నమని వాళ్లకు ఎరుక కావద్దా?" అంది. అతను నవ్వి, ప్యాంటు అంచు చేత్తో ఎత్తిపట్టుకుని, ఒక్క దీపం కూడా ఆరకుండా కాలు ఎత్తెత్తి వేసి దాటి వెళ్లాడు. నన్ను ఆ మాటల కంటే ఆ దాటడమే ఎక్కువ పట్టుకుంది. ఆరితే ఏమీ కాదని గట్టిగా నమ్మే మనిషికి అంత జాగ్రత్త ఎందుకు?

నేను ఈ ఇద్దరి మధ్యా, అంటే మధ్య పోర్షన్‌లో ఉంటాను. ఆ మాట నివాసానికే కాదు, నమ్మకానికీ కొంత వర్తిస్తుంది. మాది నల్లగొండ జిల్లా. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైటు మిషనరీ అబ్రహాం ఫ్రీజన్ 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పని మొదలుపెట్టాడు. అక్కడి నుంచి పల్లెలకు పాకిన సంఘాల్లో ఒకటి మాది. మాకూ నవంబరు పండుగ లేదు. కానీ ఈస్టరు ఉంది. తెల్లవారుజామున, ఇంకా చుక్కలు పోకముందే, నానమ్మ లేపి మొహం కడిగించి సమాధుల దొడ్డికి తీసుకుపోయేది. ముందు పెట్రోమాక్స్ లైటు, వెనక డప్పు, ఆ వెనక సగం నిద్రలో మేము. ఊళ్లో పాదాలు తూర్పుకు పెట్టి పూడుస్తారు. బూర మోగినప్పుడు లేచి కూర్చుంటే నేరుగా వచ్చే ఆయన మొహమే కనపడాలని. తాత సమాధి పక్కన నానమ్మ తనకు జాగా చూసి పెట్టుకుంది. "మీ తాత లేచినంక యేసయ్యను చూడడు బిడ్డా, ముందుగాల నా దిక్కు తిరిగి బీడీకట్ట తెచ్చినవానే అంటడు" అనేది. ఆమె మతశాస్త్రం అంతే. ఊరు ఊరంతా ఒక తెల్లవారుజామున లేస్తుంది, ఎవరి పక్కన పూడ్చినవాళ్లు వాళ్ల పక్కనే లేస్తారు, కొంచెం గలాటా అవుతుంది, తర్వాత దేవుడు చూసుకుంటాడు. అప్పటిదాకా తాత ఏం చేస్తున్నట్టు అని అడిగితే "పండుకున్నడు" అనేది. దీపాలు పెట్టిన కింది అక్క దగ్గరేమో వాళ్ల నాన్న మేలుకుని ఉన్నాడు, ఎవరో తలుచుకుంటే తెలుసుకునే స్థితిలో ఉన్నాడు.

ఈ తేడా చిన్నదని అనుకునేవాణ్ణి. చదువుతూ పోతే, క్రైస్తవం రెండు వేల ఏళ్లుగా తేల్చుకోలేక నలిగిన చోటు ఇదేనని తెలిసింది. మనిషి ఇవాళ పోతాడు, లోకాంతం ఎప్పుడో. ఈ రెంటికీ నడుమ ఆ మనిషి ఎక్కడ? కథోలికులు రెండు తీర్పులన్నారు. పోయిన క్షణాన ఒక్కొక్కరికీ విడిగా ఒకటి, చివర అందరికీ కలిపి ఒకటి. మొదటి తీర్పులో గెలిచినా ఇంకా మరకలున్నవాళ్లు ఉత్తరించే స్థలంలో శుద్ధి అవుతారు, మన ప్రార్థన వాళ్లకు అందుతుంది. ఇంత తేటగా చెప్పే ఆ సభలోనే ఒక పోపు తడబడ్డాడు. 22వ జాన్ పోపు 1331లో మొదలుపెట్టి, నీతిమంతుల ఆత్మలు కూడా చివరి తీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖి చూడలేవని ప్రసంగాలు చేశాడు. పెద్ద దుమారం రేగింది. 1334లో చనిపోయే ముందు ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన తర్వాత వచ్చిన 12వ బెనెడిక్ట్ 1336లో, చూస్తారు, వెంటనే చూస్తారు అని శాసనం రాసి ముగించాడు. ఇటు సంస్కరణవాదుల్లోనూ ఇదే పంచాయితీ. ఉత్తరించే స్థలాన్ని కొట్టిపారేసిన లూథర్ చావును తరచు గాఢనిద్రగానే తలిచాడు. కాల్విన్ రాసిన మొదటి మతగ్రంథమే, ఆత్మ నిద్రపోదు, మెలకువగా ఉంటుందని వాదించడానికి. ఒకే పక్షంలో ఒకరిది పక్క, ఒకరిది జాగారం.

నాకు నిద్ర వాదం అర్థమైంది పుస్తకాల్లో కాదు, మా గల్లీ చివర ఒడియా కుర్రాళ్ల మెస్ గదిలో. ఒక్కో పరుపుకు ఇద్దరు. పగటి షిఫ్టువాడు లేచి వెళ్తే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే పరుపు మీద, ఇంకా చల్లారని చోట పడుకుంటాడు. పన్నెండు గంటలు సాంచాల మోతలో నిలబడి వచ్చినవాడికి కన్ను మూయడం, లేవమని తట్టడం రెండూ ఆనుకునే ఉంటాయి. నడుమ గడిచిన గంటలు లేపేవాడికే తెలుసు. చచ్చినవాడికీ అంతేనేమో? వెయ్యేళ్లయినా, వారమైనా, మూసిన కన్ను తెరిచేలోపే తీర్పు. అలా అయితే నానమ్మా, కింది అక్కా ఇద్దరూ నెగ్గుతారు. పోయినవాడి వైపు నుంచి చూస్తే వెంటనే. మన వైపు నుంచి చూస్తే ఎప్పుడో. ఈ సర్దుబాటు నాకు బాగా నచ్చింది. నచ్చినందుకే కొంచెం అనుమానం కూడా. ఇద్దరినీ ఒప్పించే జవాబు సాధారణంగా ఇద్దరి ప్రశ్ననూ సరిగా వినని జవాబు. అక్క అడిగింది కాలం గురించి కాదు కదా, తన పెద్దోడికి తాను గుర్తున్నానా అని.

పై పోర్షన్ తమ్ముడి దగ్గర ఇలాంటి గుంజాటన లేదు. వాళ్ల హాలు గోడకు ఒక ఫ్లెక్స్ పటం ఉంది, ఇటు మూల నుంచి అటు మూల దాకా. ఎడమ చివర ఏదెను తోట, కుడి చివర కొత్త ఆకాశం, కొత్త భూమి. నడుమ సంఘకాలం, ఎత్తబడటం, ఏడేళ్ల శ్రమలు, రాకడ, వెయ్యేళ్ల పాలన, సాతాను విడుదల, ధవళ సింహాసన తీర్పు. బాణం గుర్తులు, రంగులు, వచన సంఖ్యలు. విశ్వాసులకు ఒక తీర్పు, జనములకు ఒక తీర్పు, మిగిలినవాళ్లకు ఒక తీర్పు. పునరుత్థానం కూడా ఒకటి కాదు, విడతలు. నేను దాన్ని ఎగతాళిగా చూడను, అదొక పనితనం. ఇలాంటి పటాలకు పేరు తెచ్చిన క్లారెన్స్ లార్కిన్ పాస్టరు కాకముందు యంత్రాల నమూనాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. 1918లో అమెరికాలో ఆయన పటాల పుస్తకం వచ్చింది. దాని వెనక ఐర్లండులో పాదిరిగా మొదలై సహోదర సంఘాల్లోకి వచ్చిన జాన్ నెల్సన్ డార్బీ ఉన్నాడు. సంఘం రహస్యంగా ముందే ఎత్తబడుతుందన్న బోధకు 1830ల్లో రూపం ఇచ్చింది ఆయనే. ఆ సహోదరుల నుంచే బౌడెన్, బీర్ కుటుంబాలు 1836లో తెలుగునేలకు వచ్చి నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డాయి. గోదావరి డెల్టా మిషన్ అక్కడి నుంచే. అంటే ఈ పటం నవాగామ్ గోడ మీదికి నిన్న మొన్న యూట్యూబులోంచి దిగింది కాదు, మన కాలవ గట్ల మీద దాని బంధువులు ఎప్పటి నుంచో ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టి 'కావలికోట' పత్రిక ఇచ్చి వెళ్లే యెహోవాసాక్షుల ఆవిడ పటం మళ్లీ వేరు. పరలోకానికి వెళ్లేది లక్షా నలభై నాలుగు వేల మందే, మిగతా మంచివాళ్లకు ఈ భూమే తోట అవుతుంది, నరకమంటూ లేదు. నరకం విషయంలో ఏడవ దినపు అడ్వెంటిస్టులదీ దాదాపు ఆ మాటే: నిత్యం కాలడం ఉండదు, కాలి బూడిదవడమే. వాళ్ల పుట్టుకే ఒక ఎదురుచూపు. విలియం మిల్లర్ లెక్క నమ్మి 1844 అక్టోబరు 22న ఆకాశం వైపు చూసి, తెల్లారి మళ్లీ పనిలోకి పోవలసివచ్చిన జనంలోంచి పుట్టిన సభ అది. నాకు ఆ తెల్లారి అంటే చాలా ఇష్టం. బంగాళాదుంపలు తవ్వకుండా పొలంలోనే వదిలేసిన రైతులున్నారట వాళ్లలో. తీర్పు రాలేదు, పంట మాత్రం ఉంది.

మరోవైపు ప్రాచీన సంఘ పితరుడు అగస్టీనును నమ్ముకున్న కథోలికులు, లూథరన్లు ఆ వెయ్యేళ్లను అక్షరాలా లెక్కపెట్టరు. సాతాను బందీగా ఉండే ఆ కాలం వాళ్లకు సంఘం నడుస్తున్న ఈ కాలమే. ఈ సంగతి చెబితే తమ్ముడు జాలిగా చూస్తాడు. "సాతాను బంధించబడి ఉంటె నవాగామ్ ఇట్లుంటదా అన్నా?" అని అతని ప్రశ్న. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. పొద్దున్నే ఉధ్నా వైపు వెళ్లే రోడ్డు మీద ట్రాఫిక్ చూస్తే అగస్టీనుకూ ఉండేది కాదు.

ఒక సెలవునాడు పిల్లల్ని కతార్గామ్ దర్వాజా దగ్గరి ఇంగ్లీషు సమాధులు చూపించడానికి తీసుకెళ్లాను. సూరత్‌లో బట్టల మార్కెట్ తప్ప చూపించడానికేముంది అనేవాళ్లు ఒకసారి అక్కడికి పోవాలి. క్రిస్టఫర్ ఆక్సెండెన్ 1659లో పోయాడు. అతని అన్నదమ్ముడు సర్ జార్జ్, 1664లో శివాజీ సూరత్ మీదికి వచ్చినప్పుడు కంపెనీ కొఠీని కాపాడుకున్న పెద్ద దొర, 1669లో పోయాడు. ఇద్దరికీ కలిపి కట్టిన ఆ కట్టడం గుమ్మటాలు, స్తంభాలు, మెట్లతో నవాబుల గోరీలా ఉంటుంది. కొంచెం ఎడంగా డచ్చివాళ్ల తోటలో హెండ్రిక్ వాన్ రీడ్. కేరళ మొక్కల మీద పన్నెండు సంపుటాల 'హోర్తుస్ మలబారికుస్' వేయించిన మనిషి, 1691లో సూరత్ వస్తూ ఓడలోనే పోయాడు. ఇంగ్లీషువాళ్ల కంటే తమదే పెద్దగా ఉండాలన్నట్టు కట్టారు ఆయన గుమ్మటాన్ని. పక్కనే ఆర్మీనియన్ వర్తకుల సమాధులు, నేలబారుగా, రాతి మీద అక్షరాలతో. మన బందరులో కూడా డచ్చివాళ్ల సమాధి రాళ్లున్నాయి. చెక్కడం అద్భుతం, కానీ ఇంత ఎత్తు కాదు. నేను గుమ్మటం కింద నిలబడి లెక్క వేస్తున్నాను. ఆర్మీనియన్లు ఉత్తరించే స్థలాన్ని ఒప్పుకోకపోయినా పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు, రాయి చిన్నది. ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ పోయినవాళ్ల కోసం ప్రార్థనలు మానేసినవాళ్లు; రాయి ఆకాశమంత. మాట వెళ్లే దారి మూసేసుకున్నవాళ్లకు రాయి అవసరం ఎక్కువవుతుందా? లేక వట్టి వ్యాపారపు పోటీయేనా? రెండోదే నిజమై ఉండొచ్చు. మా చిన్నది మాత్రం "వీళ్లు లేచినప్పుడు ఇంత పైకప్పు ఎలా పగలగొట్టుకుని వస్తారు నాన్నా?" అంది. క్రీస్తు లేచాక మూసిన తలుపుల గదిలోకి వచ్చాడని చెప్పాను. అయితే రాయిని దొర్లించడం ఎందుకు అంది. అది ఆయన బయటికి రావడానికి కాదు, ఆడవాళ్లు లోపలికి చూడటానికి అని ఎవరో పెద్దలు చెప్పిన మాట అప్పటికి ఆదుకుంది.

పిల్ల ప్రశ్న వెనక పెద్దవాళ్ల భయం ఉంది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ చావులతో ఇక్కడి అశ్వినీకుమార్ శ్మశానంలో రేయింబవళ్లు మండిన గ్యాసు కొలుముల ఇనుప చట్రాలు కరిగిపోయాయని పత్రికల్లో చదివినప్పుడు మా ఇంట్లో జరిగిన చర్చ అదే. మనల్ని కాల్చేస్తే? సిద్ధాంతపరంగా దీనికి జవాబు పాతదే. క్రీ.శ. 177లో లియాన్‌లో హతసాక్షుల శవాలను కాల్చి బూడిద రోన్ నదిలో కలిపారు, ఎలా లేస్తారో చూద్దామని. సంఘం బెదరలేదు. నరమాంసభక్షకుడు తిన్న మనిషి శరీరం ఎవరిదిగా లేస్తుందని కూడా అగస్టీను ఓపిగ్గా కూర్చుని ఆలోచించాడు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత దొరికినవాళ్లను దొరికిన చోట కలిపి పూడ్చారు, కాల్చారు; సముద్రంలోకి పోయినవాళ్లు పోయారు. ప్రకటన గ్రంథంలో సముద్రం కూడా తన మృతుల లెక్క అప్పజెబుతుందని ఉన్న మాటను దివిసీమ సంఘాలు ఎట్లా విని ఉంటాయో నేను ఊహించగలను. దహనాన్ని కథోలిక సభ 1963లో అనుమతించింది. బూడిద చల్లొద్దు, పవిత్ర స్థలంలో ఉంచండి అని 2016లో మళ్లీ చెప్పింది. అన్నీ తెలుసు. అయినా మా ఆవిడ "నన్ను నవజీవన్ రైల్లోనో అంబులెన్సులోనో ఎట్లయినా ఊరికే తీస్కపోండి" అంటుంది. దేవుడు బూడిదలోంచి లేపలేడని కాదు. లేచి చూస్తే చుట్టూ ఎవరున్నారన్నది ఆమెకు ముఖ్యం. పౌలు కొరింథీయులకు రాసింది విత్తనం గురించి. విత్తింది ఒకటి, మొలిచేది వేరొకటి అని. కానీ ఏ చేలో విత్తారన్నది రైతుకు చిన్న సంగతా?

ఊరి చేను గురించి మురిసిపోయే ముందు ఆ చేను గట్లు కూడా చెప్పుకోవాలి. శరీరం లేస్తుందని చెప్పే సంఘాలే, ఆ శరీరాలను కులం చూసి పడుకోబెట్టిన చోట్లు మన దేశంలో ఉన్నాయి. తిరుచ్చి మేలపుదూరు కథోలిక సమాధుల తోటలో దళితుల వైపును వేరు చేస్తూ గోడే కట్టారు. మన జాషువా శ్మశానంలో అందరూ సమానమన్నాడని, ఆ పద్యాలు పాడే హరిశ్చంద్ర నాటకం చూసిన ప్రతివాడూ తలూపుతాడు. మరి ఆ గోడ? బూర మోగితే ఆ గోడకు అటువాళ్లూ ఇటువాళ్లూ ఏ వైపుగా బయటికి వస్తారు? పటాల్లో శ్రమలకు, వెయ్యేళ్లకు, ధవళ సింహాసనానికి గడులున్నాయి. ఈ గోడకు గడి నేను ఎక్కడా చూడలేదు. చివరి తీర్పు మీద భిన్నాభిప్రాయాలన్నీ ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని విడతలు అనే దగ్గరే గిరికీలు కొడతాయి. దేని మీద తీర్పు అన్న దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతూ తగ్గుతుంది.

ఆ తీర్పును యేసు తానే వర్ణించిన చోటు ఒకటుంది, మత్తయి 25లో, గొర్రెలు మేకల కథ. దాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు ఒక్కటే కొత్తగా తగులుతుంది: కుడివైపు వాళ్లూ ఎడమవైపు వాళ్లూ ఇద్దరూ నివ్వెరపోతారు. నిన్నెప్పుడు ఆకలితో చూశాం, ఎప్పుడు పరదేశిగా చూశాం అని ఇద్దరిదీ ఒకే ప్రశ్న. నెగ్గినవాళ్లకు కూడా తాము ఎందుకు నెగ్గారో తెలియదు. ఇంత వివరంగా పటాలు గీసుకున్నాక మనలో ఆ నివ్వెరపాటుకు చోటెక్కడ మిగిలింది? ఇదే తమ్ముణ్ణి అడిగాను, ఈ అధ్యాయం మీ పటంలో ఎక్కడొస్తుందని. వేలు పెట్టి చూపించాడు. శ్రమలకూ వెయ్యేళ్లకూ నడుమ, జనముల తీర్పు. అప్పటికి సంఘం ఎత్తబడి ఉంటుంది గనక ఆ విచారణ మనకు వర్తించదు. ఆ వివరణలో తర్కం ఉంది, లేదనను.

2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయినప్పుడు మెస్ గది కుర్రాళ్ల దగ్గర గింజలు అయిపోయాయి. మెస్ నడిపేవాడు అంతకు ముందే ఊరికి పోయాడు. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు ఒకేసారి గదిలో పడేసరికి పడుకోవడానికి చోటు చాలక సగం మంది మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఒడిశా రైళ్లు మొదలైన మే నెల దాకా మా మెట్ల కింద రెండు పూటలా పెద్ద గిన్నెలో ఖిచ్డీ ఉడికింది. బియ్యం ఎవరెవరివో గాని, పొయ్యి దగ్గర నిలబడింది పై పోర్షన్ తమ్ముడే. కింది అక్క పప్పు కడిగి ఇచ్చేది. అతనికి ఒడియా రాదు, వాళ్లకు తెలుగు రాదు. ముక్కలు ముక్కలు హిందీలో ఉప్పు చాలిందా అని ఒక్కొక్కణ్ణీ అడిగేవాడు. ఒక మధ్యాహ్నం ఆ వరస చూస్తూ, తమ్ముడూ, ఇదే కదా మత్తయి 25 అన్నాను. అతను గరిటెతో అడుగంటిన మాడు గీకుతూ తలెత్తకుండానే, "అది జనముల తీర్పన్నా, ముందే జెప్తిగా, మనకు సంబంధం లేదు" అని, ఇంకా ఎంతమంది తినాల్సి ఉందో చూడమన్నాడు.